రిటైరయ్యాక ఇద్దరే, క్యారవాన్‌లో వారం రోజులు: రోజువారీ పనులు ఎలా సర్దుకోవాలి

పోయిన జనవరిలో మేమిద్దరం వారం రోజులు క్యారవాన్‌లో, అంటే మంచం, పొయ్యి, టాయిలెట్ అన్నీ లోపలే ఉన్న బండిలో, ఉండి వచ్చాం. మా వారికి అరవై ఏడు, షుగరుంది. నాకు అరవై మూడు, మోకాళ్లు సతాయిస్తాయి. ఉండేది బెంగళూరులో, కె.ఆర్. పురం దగ్గర అపార్ట్‌మెంటులో. తిరిగొచ్చాక మా బ్లాకులోని తెలుగువాళ్లు, ముఖ్యంగా మాలాగే పిల్లల దగ్గరికని వచ్చి ఇక్కడే ఉండిపోయిన పెద్దవాళ్లు, అడిగినవన్నీ ఇంటి సంగతులే. స్నానం ఎలా చేశారు? రాత్రి బండి ఎక్కడ ఆపారు? ఇన్సులిన్ పాడవలేదా?

అడగాల్సినవి అవే. గుడో కొండో చూడటానికి రోజుకు రెండు మూడు గంటలు పడుతుంది. మిగతా పొద్దంతా ఆ బండే మన ఇల్లు. వంట, స్నానం, నిద్ర, మందులు, బట్టలు అన్నీ ఒక చిన్న గదంత చోటులో జరగాలి. వాటిని ముందే సర్దిపెట్టుకుంటే డెబ్బైకి దగ్గర పడ్డవాళ్లయినా హాయిగా వెళ్లి రావచ్చు. మేం చేసిన వరసలోనే చెబుతాను.

బండి తీసుకునే ముందు

క్యారవాన్లు ఎక్కువగా డ్రైవర్‌తో పాటే అద్దెకిస్తారు. అలాంటప్పుడు మొదట తేల్చుకోవాల్సింది డ్రైవర్ రాత్రి ఎక్కడ పడుకుంటాడన్నది. రోజుకు బత్తా ఎంత, గది మనం చూడాలా, వాళ్లు చూసుకుంటారా అని నోటితో కాకుండా రాతలో తీసుకోండి. మేం సెల్ఫ్ డ్రైవ్ తీసుకున్నాం. మా వారికి స్టీరింగ్ మీద పట్టు ఇంకా బాగుంది.

సొంతంగా నడిపేవాళ్లు లైసెన్సు తేదీ చూసుకోండి. 55 దాటాక రెన్యువల్ చేయిస్తే ఐదేళ్లకే ఇస్తారు, దానికి మెడికల్ సర్టిఫికెట్ కావాలి. లైట్ మోటార్ వెహికల్ లైసెన్సు ఉంటే 7,500 కిలోల లోపు రవాణా బండ్లూ నడపొచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. టెంపో ట్రావెలర్ సైజు క్యారవాన్లు ఆ బరువులోపే ఉంటాయి. అయినా ఆర్.సి.లో బరువు ఎంత రాసి ఉందో ఒకసారి చదవండి. పక్క రాష్ట్రానికి వెళ్తాం కాబట్టి పర్మిట్, ఇన్సూరెన్స్, ఫాస్టాగ్‌లో డబ్బులు, ఈ మూడూ చూసుకోవాలి.

తర్వాత బండి లోపలికి వెళ్లి మెట్టు ఎక్కి దిగి చూడండి. మొదటి మెట్టు మోకాలికి ఎత్తనిపిస్తే చిన్న ప్లాస్టిక్ స్టూలు కొనాల్సిందే. తలుపు పక్కన పట్టుకోవడానికి కడ్డీ ఉందా? మంచం మీద పడుకుని, పక్కవాళ్లను లేపకుండా దిగి చూడండి. టాయిలెట్ తలుపు మూసుకుని కూర్చుని లేవండి. ఇవన్నీ అద్దెకిచ్చే వాళ్ల ఎదుట చేయడానికి మొహమాటపడకండి.

ఇంకో మాట. మాకు బండి ఇచ్చినాయన "ఏసీ బ్యాటరీ మీద రాత్రంతా నడుస్తుంది" అన్నాడు. ముప్పావు గంటకే ఆగిపోయింది. చెప్పింది నమ్మకుండా వాళ్ల ముందే అన్నీ ఒకసారి నడిపించి చూడండి.

ఒక రాత్రి ఇంటి ముందే పడుకోండి

ఈ ఒక్క పనీ వదలొద్దు. బండి ఒక రోజు ముందే తెచ్చుకుని అపార్ట్‌మెంటు కాంపౌండులోనే పడుకోండి. బేస్‌మెంటులోకి పట్టదు, ఎత్తు ఎక్కువ, కాబట్టి సెక్యూరిటీతో మాట్లాడి పైన చోటు చూసుకోండి. రాత్రి వంట అందులోనే, పొద్దున స్నానం అందులోనే. పైన మన ఇల్లుంది కాబట్టి ఏది మర్చిపోయినా లిఫ్టెక్కి తెచ్చుకోవచ్చు.

ఆ ఒక్క రాత్రిలో మాకు దొరికిన లోపాలు: అగ్గిపెట్టె లేదు, దుప్పటి మంచం కంటే చిన్నది, టార్చి ఎవరికీ అందనంత దూరంలో ఉంది. పైగా రాత్రి రెండుసార్లు లేచే మా వారు గోడవైపు పడుకున్నారు. మర్నాటి నుంచి ఆయన అంచున, నేను గోడవైపు. రాత్రి ఎక్కువసార్లు లేచేవాళ్లు అంచున పడుకోవాలి. కాళ్ల దగ్గర చిన్న నైట్ ల్యాంప్ వెలగాలి, దారిలో చెప్పు కూడా ఉండకూడదు. ఈ వయసులో జారిపడితే వారం కాస్తా ఆరు నెలల మంచం అవుతుంది.

దారి తక్కువ, మకాం ఎక్కువ

మేం తిరిగిన దారి ఇది. మొదటి రోజు బళ్లారి రోడ్డు పట్టుకుని, దేవనహళ్లి, చిక్కబళ్లాపురం, బాగేపల్లి మీదుగా కొడికొండ చెక్‌పోస్టు, అక్కడ నుంచి ఎడమకు లేపాక్షి. సుమారు 120 కిలోమీటర్లు. రెండో రోజు కదలలేదు. మూడో రోజు పుట్టపర్తి, నాలుగో రోజు కదిరి, తిమ్మమ్మ మర్రిమాను. ఐదు, ఆరు రోజులు హార్స్‌లీ హిల్స్. ఏడో రోజు మదనపల్లె, చింతామణి, హొసకోటె మీదుగా ఇల్లు.

మాకు మేం పెట్టుకున్న నియమం రెండు ముక్కలే: మధ్యాహ్నం ఒంటిగంట లోపు బండి ఆగాలి, చీకటి పడ్డాక చక్రం కదలకూడదు. వెలుతురు ఉండగా చేరితే నేల చదునుగా ఉందో లేదో కనబడుతుంది, అడగడానికి మనుషులు దొరుకుతారు, వద్దంటే ఇంకో చోటికి పోయే వ్యవధి ఉంటుంది. బెంగళూరు దాటడానికి మాత్రం తెల్లవారుజామున ఐదున్నరకే బయల్దేరండి. హెబ్బాళ దగ్గర ఇరుక్కుంటే మొదటి రోజు ఓపికంతా అక్కడే అయిపోతుంది.

కాలం డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా బాగుంటుంది. రాయలసీమలో ఏప్రిల్, మే నెలల్లో రేకు బండిలో మధ్యాహ్నం ఉండలేం. నవంబరులో వెళ్లేవాళ్లు పెన్షన్ లైఫ్ సర్టిఫికెట్ ముందే ఇచ్చేసి వెళ్లండి. ఇప్పుడు ఫోనులో ముఖం చూపించి జీవన్ ప్రమాణ్ చేసుకునే వీలుంది, అయినా సిగ్నల్ లేని చోట చివరి తేదీ పెట్టుకుని టెన్షన్ పడటం ఎందుకు.

నీళ్ల లెక్క

మా బండి ట్యాంకు 100 లీటర్లు. ఇంట్లో అంత నీళ్లు పొద్దున తొమ్మిదింటికే అయిపోతాయి. 2024 మార్చిలో బెంగళూరులో ట్యాంకర్ కోసం ఎదురుచూసినవాళ్లకు ఈ లెక్క కొత్తేమీ కాదు, అప్పుడు బకెట్లు కొలుచుకున్నట్టే ఇప్పుడూ కొలుచుకోవాలి.

తాగడానికీ వంటకూ వేరే 20 లీటర్ల క్యాన్ పెట్టుకోండి, ట్యాంకు నీళ్లు నోట్లోకి వద్దు. ట్యాంకు నీళ్లు రోజుకు ఇలా సరిపెట్టాం: స్నానానికి ఒక్కొక్కరికి 10 లీటర్ల బకెట్ ఒకటి, గిన్నెలకు ఎనిమిది లీటర్లు, టాయిలెట్‌కు, చేతులు కడగడానికి ఇంకో పది. అంటే దాదాపు 40 లీటర్లు. రెండు రోజులు గడిచి కొంచెం మిగులుతుంది.

షవర్ వాడొద్దు. షవర్ కింద నీళ్లు ఎంత పోయాయో తెలియదు. బకెట్, మగ్గు పెట్టుకుంటే కంటికి కనబడుతుంది. గిన్నెలు కడిగే ముందు పేపరు ముక్కతో జిడ్డు తుడిచేస్తే సగం నీళ్లు మిగులుతాయి, వాడిన నీళ్ల ట్యాంకు వాసన కూడా రాదు. గుడికి వెళ్లే రోజు తలస్నానం చేయాలనుంటే సత్రంలోనో హోటల్లోనో గంటసేపు గది తీసుకోండి. పుట్టపర్తిలో మేం అదే చేశాం. వేడినీళ్లతో తృప్తిగా స్నానం, బట్టలు ఇస్త్రీకి, ట్యాంకు నింపుకోవడం, మూడూ ఒక్క పూటలో అయిపోయాయి. వారం మధ్యలో ఇలాంటి ఊరు ఒకటి పెట్టుకోండి.

నీళ్లు నింపేటప్పుడు బరువు కూడా గుర్తుండాలి. లీటరు కిలో. హార్స్‌లీ హిల్స్ ఘాట్ ఎక్కే రోజు సగం ట్యాంకుతోనే వెళ్లాం, పైన నింపుకున్నాం. దిగేటప్పుడు చిన్న గేరులో దిగాలి. బ్రేకు మీద కాలు అలాగే నొక్కి ఉంచితే బ్రేకులు వేడెక్కి పట్టు పోతుంది.

టాయిలెట్ సంగతి

దీని గురించి అందరూ గొంతు తగ్గించి అడుగుతారు, కాబట్టి వివరంగానే చెబుతాను. ఇలాంటి బండ్లలో కమోడ్ కింద ఒక డబ్బా ఉంటుంది, క్యాసెట్ అంటారు. మాది 18 లీటర్లది. బయటి నుంచి చిన్న తలుపు తీసి దాన్ని లాగి, సూట్‌కేసులా తీసుకెళ్లి ఖాళీ చేయాలి.

ఇద్దరికి మూడు రోజులు వస్తుందని మాకు చెప్పారు. ఆ లెక్క కాగితం వాడేవాళ్లది. మనం నీళ్లతో కడుక్కుంటాం. హెల్త్ ఫాసెట్ (కమోడ్ పక్కన ఉండే చేతి స్ప్రే) నొక్కితే లీటర్లకు లీటర్లు అందులోకే పోతాయి. మొదటి రోజు రాత్రికే డబ్బా నిండిందని ఎర్ర లైటు వెలిగింది. మర్నాటి నుంచి ఫాసెట్ మానేసి అర లీటరు చెంబు పెట్టాం. దానికే కట్టుబడ్డాం. పగలు వీలైనంత వరకు హోటల్లోనో పెట్రోలు బంకులోనో వెళ్లేవాళ్లం. అప్పుడు రెండు రోజులు వచ్చింది.

ఖాళీ చేయడం ఇలా: చేతులకు గ్లవ్స్, ముక్కుకు మాస్కు. పెట్రోలు బంకు వాళ్లనో హోటల్ వాళ్లనో ముందు అడిగి, జనం తక్కువున్న వేళ, టాయిలెట్ గుంటలోకే వంపాలి. తర్వాత ఒక బకెట్ నీళ్లు పోసి ఆ చోటు మనమే కడగాలి, ఉన్న మనిషి చేతిలో యాభై రూపాయలు పెట్టాలి. కాలువలోకి, పొలం గట్టు మీద, చెరువు పక్కన వంపడం తప్పు. ఆ నీళ్లు ఎవరి ఇంటికో చేరతాయి. క్యాసెట్‌లో వేసే మందు సెప్టిక్ ట్యాంకుకు హాని చేయని రకమేనా అని అద్దెకిచ్చేవాళ్లను అడిగి తీసుకోండి.

ఈ పని వారమంతా మా వారే చేశారు. పనుల పంపకంలో మొదట రాసుకున్నది అదే.

పనులు ముందే పంచుకోండి

ఇద్దరూ కలిసి ఒక కాగితం మీద రాసుకోవాలి. ఇంట్లో ముప్పై ఐదేళ్లుగా ఎవరు ఏది చేస్తున్నారో అదే బండిలోకి తెచ్చుకుంటే, ఒకరికి సెలవు, ఇంకొకరికి ఇంకా ఇరుకైన వంటిల్లు. నేను వెళ్లే ముందే చెప్పాను: రెండు పూటలా వంట చేయను, రాత్రికి బయటే తిందాం అని. ఆయన ఒప్పుకున్నారు.

ఆయనవి నీళ్లు, క్యాసెట్, గ్యాస్, ప్లగ్గు, గిన్నెలు. నావి పొద్దున వంట, మందులు, ఆగిన చోట మనుషులతో మాట్లాడటం. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా ఎవరి పాటికి వాళ్లు. ఒకరు లోపల పడుకుంటే ఒకరు బయట మడత కుర్చీలో. ఇంత చిన్న చోట రోజంతా ఒకరికొకరు ఎదురుపడుతుంటే చిన్న మాట కూడా పెద్దదవుతుంది. నాలుగో రోజు మ్యాపు విషయంలో మాకూ అయింది. మర్రిమాను కింద అటొకరం ఇటొకరం అరగంట తిరిగాం. దాదాపు ఐదెకరాల చెట్టది, 1989లో గిన్నిస్ రికార్డుకెక్కింది. ఒక మనిషి ఊడల మధ్యలోకి వెళ్లిపోతే ఇంకొకరికి కనబడరు. తిరిగి కలిసేసరికి ఇద్దరికీ కోపం పోయింది.

వంట: ఒక గిన్నె, పది నిమిషాలు

ఐదు కిలోల సిలిండర్ వారానికి ఎక్కువే. బయల్దేరేటప్పుడు ట్యూబు కీళ్లకు సబ్బు నీళ్లు రాసి బుడగలు వస్తున్నాయేమో చూడండి. వంటగ్యాస్ గాలి కంటే బరువు, లీకైతే పైకి పోకుండా నేల మీదే పేరుకుంటుంది. అందుకే నేల దగ్గర గాలి పోయే కంత ఉండాలి, దాన్ని చలికి గుడ్డతో మూయకూడదు. బండి కదిలేటప్పుడు, పడుకునేటప్పుడు సిలిండర్ దగ్గరే గ్యాస్ ఆపేయాలి. చలిగా ఉందని పొయ్యి వెలిగించి కిటికీలు మూసుకోవడం ప్రాణాంతకం. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు.

తీసుకెళ్లాల్సినవి: రెండు లీటర్ల కుక్కరు, ఒక బాణలి, రెండు కంచాలు, రెండు గ్లాసులు, ఒక కత్తి. మిక్సీ వద్దు, దాని బదులు కందిపొడి, నువ్వులపొడి, కొబ్బరిపొడి. మొదటి రోజుకు ఇంట్లోనే పులిహోర కలుపుకోండి. ఆవకాయ సీసాను మూత బిగించి అలాగే అరలో పెట్టాను, బాగేపల్లి దాటేసరికి నూనె కారి నాలుగు తువాళ్లు ఎర్రబడ్డాయి. సీసాను పాలిథిన్ కవరులో కట్టి, స్టీలు డబ్బాలో నిలబెట్టి, చుట్టూ గుడ్డ కుక్కాలి.

పొద్దున టిఫిన్‌కు బండికి సరిగ్గా సరిపోయేది ఆ సీమ వంటే, ఉగ్గాని. లేపాక్షిలో రెండో రోజు చేశాను. బొరుగులు (మరమరాలు) నాలుగు గ్లాసులు ఒక గిన్నె నీళ్లలో ముంచి, మెత్తబడగానే రెండు చేతులతో గట్టిగా పిండి పక్కన పెట్టాలి. బాణలిలో రెండు చెంచాల నూనె, ఆవాలు, మినప్పప్పు, కరివేపాకు, ఉల్లిపాయ, నాలుగు పచ్చిమిర్చి, పసుపు, ఉప్పు. ఉల్లిపాయ పచ్చివాసన పోగానే బొరుగులు వేసి ఒక నిమిషం తిప్పి, స్టవ్ కట్టేసి, పుట్నాల పొడి రెండు చెంచాలు చల్లి నిమ్మకాయ పిండాలి. పొయ్యి వెలిగింది ఆరేడు నిమిషాలు. బొరుగులు పిండిన నీళ్లతోనే బాణలి మొదటి కడుగు అయిపోతుంది. బజ్జీలు కావాలంటే ఊళ్లో వేడిగా దొరుకుతాయి, బండిలో నూనె మరిగించే పని పెట్టుకోవద్దు.

అదే లేపాక్షి గుడిలో రాతి నేల మీద కంచాల్లా చెక్కిన గుంటలు చూపిస్తారు. శిల్పులు అందులోనే అన్నం తినేవారని చెబుతారు. మా రెండు కంచాలూ మూడు గిన్నెలూ కూడా ఎక్కువేనేమో అనిపించింది నాకు.

కరెంటు

కాస్త కూడిక వస్తే చాలు. 12 వోల్టుల 100 ఆంపియర్ అవర్ లిథియం బ్యాటరీలో సుమారు యూనిటుంపావు కరెంటు ఉంటుంది. చిన్న ఫ్రిజ్, రెండు లైట్లు, ఫ్యాన్, ఫోన్లు, ఇవి ఒక రోజు నడుస్తాయి. పాతరకం లెడ్ యాసిడ్ బ్యాటరీ అయితే సగం వరకే వాడుకోవాలి. ఏసీ, ఇండక్షన్ స్టవ్, గీజర్ బ్యాటరీ మీద పెట్టుకోవద్దు, బయట 16 ఆంపియర్ల ప్లగ్గు దొరికినప్పుడే. మందమైన వైరున్న ఎక్స్‌టెన్షన్ బోర్డు మనమే తీసుకెళ్లాలి. కరెంటు ఇచ్చినవాళ్లకు ఎంతివ్వాలో ముందే మాట్లాడుకోండి. పైన సోలార్ పలక ఉంటే వారానికి ఒకసారైనా దుమ్ము తుడవాలి.

రాత్రి ఎక్కడ ఆపాలి

టూరిజం హోటళ్లు ఉన్న ఊళ్లో మొదట అక్కడే అడగండి. లేపాక్షిలోనూ హార్స్‌లీ హిల్స్‌లోనూ ఏపీ టూరిజం హరిత హోటళ్లున్నాయి. ఆ తర్వాత కల్యాణ మండపాలు, సత్రాలు, పెద్ద పెట్రోలు బంకులు. ఒంటరి రోడ్డు పక్కన, చెరువు కట్ట మీద, అడవి అంచున ఎంత అందంగా ఉన్నా వద్దు.

అడగడంలోనే సగం పని ఉంది. కదిరి దాటాక ఒక బంకులో నేనే దిగి అడిగాను.

"అన్నా, మేమిద్దరమే, పెద్దవాళ్లం. రాత్రికి బండి ఇక్కడ పెట్టుకోవచ్చా? పొద్దున్నే వెళ్లిపోతాం."

ఆయన మా బండి చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "ఆడ పెట్టొద్దమ్మా, పదింటి నుంచి లారీలొస్తాయి, నిద్ర పట్టదు మీకు. ఈడ, ఆఫీసు పక్కన పెట్టుకోండి. లైటుంటాది, మా పిల్లోడు రాత్రంతా మేలుకునే ఉంటాడు" అన్నాడు.

మేం డీజిలు అక్కడే కొట్టించాం. పొద్దున ఆ పిల్లాడికి కూడా టీ కాచి ఇచ్చాం.

ఆగాక నేల చదునుగా ఉందా అని చూడటానికి యాప్ అక్కర్లేదు. బయల్దేరేటప్పుడు టైర్ల కింద పెట్టే నిమ్మకాయలతో పాటు ఇంకో గుండ్రటి నిమ్మకాయ దాచుకోండి. లోపల నేల మీద పెడితే ఎటు దొర్లితే అటు పల్లం. పల్లం వైపు టైర్ల కింద చెక్కపలకలు పెట్టి ఎక్కించండి. కొంచెం వాలు తప్పకపోతే తల ఎత్తువైపు ఉండేలా పడుకోండి. పడుకునే ముందు బండి ముఖం గేటు వైపు ఉందో లేదో చూడండి. అవసరమైతే రివర్సు లేకుండా బయటపడొచ్చు.

మందులు

వారానికి కావాల్సినవి పది రోజులకు తీసుకుని రెండు సంచుల్లో పెట్టండి, ఒకటి పోయినా ఇంకొకటి ఉంటుంది. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి గళ్లున్న డబ్బాలో ఇంట్లోనే సర్దేయండి. వాడని ఇన్సులిన్ పెన్నులు ఫ్రిజ్‌లో ఉంచాలి, కానీ ఐసు గడ్డకట్టే గోడకు ఆననివ్వకూడదు. ఒకసారి గడ్డకడితే ఇక పనికిరాదు. ఎండలో ఆపిన బండి డ్యాష్‌బోర్డు మీద ఏ మందూ పెట్టొద్దు. నడిపేవాళ్లకు షుగరుంటే స్టీరింగ్ పక్కన గ్లూకోజ్ బిళ్లలు చేతికందేలా ఉండాలి. టిఫిన్ చేయకుండా మా వారిని తాళం ముట్టుకోనివ్వలేదు.

చీటీ మీద పెద్ద అక్షరాలతో రాసి తలుపు లోపల అంటించాం: అంబులెన్సుకు 108, అత్యవసరానికి 112, జాతీయ రహదారి మీద బండి ఆగిపోతే 1033. దాని కింద మందుల పేర్లు, బ్లడ్ గ్రూపు, అమ్మాయి నంబరు. ప్రతి సాయంత్రం ఆరింటికి ఆగిన చోటి లొకేషన్ అమ్మాయికి పంపేవాళ్లం. తనకు ధైర్యం, మాకూ ధైర్యం.

ఏడో రోజు

ఇల్లు చేరగానే సోఫాలో కూలబడితే బండి ఇంకో రోజు అలాగే ఉండిపోతుంది. మధ్యాహ్నానికి చేరేలా హార్స్‌లీ హిల్స్‌లో పొద్దున్నే బయల్దేరండి, సుమారు 150 కిలోమీటర్లు. దారిలోనే క్యాసెట్ చివరిసారి ఖాళీ చేసి, నీళ్లు పోసి కుదిపి మళ్లీ వంపండి. ఇంటి దగ్గర ఫ్రిజ్ ఖాళీ చేసి తలుపు తెరిచి పెట్టండి, మూసేస్తే బూజు పడుతుంది. సిలిండర్ దగ్గర గ్యాస్ ఆపేసి, ట్యాంకులో నీళ్లు వదిలేసి, లోపలా బయటా ఫోనుతో వీడియో తీయండి. కిలోమీటర్ల మీటరు, డీజిలు ముల్లు కూడా అందులో పడాలి. డిపాజిట్ దగ్గర మాట తేడా వస్తే అదే సాక్ష్యం.

ఆఖరున, దించిన సామానులో ఒక్కసారి కూడా వాడనివి పక్కన కుప్పగా పెట్టండి. మా కుప్పలో మూడు పట్టుచీరలు, ఇడ్లీ పాత్ర, గొడుగు, రెండు పుస్తకాలు, ఐదు కిలోల బియ్యంలో మూడున్నర కిలోలు ఉన్నాయి. ఆ జాబితా ఫ్రిజ్ మీద అంటించి ఉంది. కింద మా వారు తన చేత్తో ఇంకో మూడు రాశారు: ఇంకో చెంబు, పొడుగు వైరు, మడత కుర్చీ ఇంకొకటి.